జ్యాను దాటగానే 30° కోణం 150° ఎలా అవుతుంది?

తొమ్మిదవ తరగతి చదువుతున్న మా అమ్మాయికి వృత్తాల పాఠం చెబుతున్నాను. ఒక చాపం (వృత్తం అంచులో ఒక భాగం) కేంద్రం వద్ద చేసే కోణం, వృత్తంపై మిగిలిన ఏ బిందువు వద్దనైనా అదే చాపం చేసే కోణానికి రెట్టింపు ఉంటుందన్న సిద్ధాంతం ఆమెకు బాగానే అర్థమైంది. సమద్విబాహు త్రిభుజాల బాహ్యకోణాలతో నిరూపణ కూడా తానే రాసింది.

చిక్కు ఆ తరువాత వచ్చింది. 6 సెం.మీ. వ్యాసార్థంతో వృత్తం గీసి, అంతే పొడవున ఎబి జ్యాను (వృత్తంపైని ఎ, బి బిందువులను కలిపే రేఖాఖండాన్ని) గీశాము కనుక కేంద్రం వద్ద కోణం 60° అయింది. అధిక (పెద్ద) చాపంపై పి బిందువును ఎక్కడ తీసుకున్నా ఎపిబి కోణాన్ని కోణమానిని 30°గా చూపింది, పి ని అల్ప (చిన్న) చాపంపైకి మార్చగానే 150° చూపింది. ఇప్పుడు లెక్కలోకి వచ్చేది పెద్ద చాపమనీ, అది కేంద్రం వద్ద చేసే 300° కోణంలో ఇది సగమనీ చెప్పాను. ఒప్పుకున్నది గానీ, పెన్సిలు మొనను బి దాకా మెల్లగా జరిపి, "ఇక్కడిదాకా మారనే లేదు కదా నాన్నా, అవతలికి పోగానే ఒక్కసారిగా ఎలా పెరిగింది?" అని అడిగింది. ఇది తోసిపుచ్చదగిన సందేహం కాదు.

పి బిందువు బి ని చేరేసరికి పిబి రేఖ స్పర్శరేఖ (వృత్తాన్ని ఒక్క బిందువు వద్దే తాకే రేఖ) అవుతుందనీ, అది జ్యాతో ఒకవైపు 30°, మరోవైపు 150° చేస్తుందనీ నాకు తెలుసు. అయితే స్పర్శరేఖల పాఠం పదవ తరగతిలో గానీ రాదు. ఆ పాఠం అవసరం లేకుండా, కాగితంపై స్కేలును తిప్పుతూ చూపగలిగిన వివరణను అనుభవజ్ఞులైన ఉపాధ్యాయులెవరైనా దయచేసి తెలుపగలరా?