అప్‌డేట్: ఈసారి చికెన్ తొడలు మాడలేదు

పోయిన వారం అడిగింది నేనే. కావలిలో మా మేడ మీద బొగ్గులపై చికెన్ తొడలు కాలిస్తే పైన మాడిపోయి, ఎముక దగ్గర పచ్చిగా ఉంటున్నాయి, ఏం చేయాలి అని. నిన్న మళ్ళీ చేశాను.

బొగ్గులన్నీ ఒక పక్కకి తోసి రెండో పక్క ఖాళీగా ఉంచమన్నారు చూడండి, అసలు మందు అదే. తోలున్న ముక్కల్ని ముందు ఖాళీ వైపు పెట్టాను. మా గ్రిల్‌కి మూత లేదు, అందుకని పాత అల్యూమినియం గిన్నె బోర్లించాను. అరగంట పైనే పట్టింది. చివర్లో రెండు నిమిషాలు నిప్పుల మీదికి జరిపితే తోలు కరకరలాడింది.

థర్మామీటర్ కూడా కొన్నాను. ముక్క లోపల 74 డిగ్రీలు వస్తే తినడానికి భయం లేదు గానీ, తొడ మాంసం 80 దాటాకే మెత్తగా, జ్యూసీగా వచ్చింది. అందులోని కొలాజెన్, అంటే మాంసాన్ని గట్టిగా పట్టి ఉంచే ప్రోటీన్, ఆ వేడికి కరిగి మెత్తటి జెలటిన్ అవుతుంది. నేనేమో ఎండిపోతుందన్న టెన్షన్‌తో ఇన్నాళ్ళూ తొందరగా దించేసేవాణ్ణి!

ఉప్పు ముందు రాత్రే పట్టించాను. పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం పొద్దున. సొంత తెలివితో కాస్త బెల్లం కూడా కలిపిన రెండు ముక్కలు మాత్రం నల్లబడ్డాయి. "ఇవి పోయినవారానివా?" అంది అమ్మ.

దించాక ఐదు నిమిషాలు ఆగమన్నారు. పిల్లలు ఆగనివ్వలేదు.