కొత్త బండికి మొదటి ఆయిల్ మార్పు: 100 కిలోమీటర్లకా, 500కా?

గాజువాక రైడర్:
రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 తీసుకుని తొమ్మిది రోజులైంది. మొదటి ఆదివారమే అమ్మని ఎక్కించుకుని అన్నవరం వెళ్ళి పూజ చేయించుకొచ్చాను, అందుకే మీటర్ అప్పుడే 262 చూపిస్తోంది. బండితో ఇచ్చిన బుక్‌లో మొదటి సర్వీస్ 500 కి.మీ. లేదా 45 రోజులు, ఏది ముందైతే అది అని ఉంది. మా వీధి చివరి మెకానిక్ ఏమో "100కే ఆయిల్ తీసేయాల్సింది, ఇప్పటికే ఆలస్యమైంది, రేపే తీసుకురా" అంటున్నాడు. షోరూమ్‌లో అడిగితే 500 దాకా ఏదీ ముట్టుకోవద్దన్నారు. మా బావ ఇంకో మాట అంటాడు, మొదటిసారే ఫుల్ సింథటిక్, అంటే పూర్తిగా కృత్రిమంగా తయారుచేసిన ఆయిల్ పోయించమని. మూడేళ్ళు దాచి కొన్న బండి ఇది. రెండు రోజులుగా ఒకటే టెన్షన్. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

ఓరుగల్లు 350:
తమ్ముడూ, మీ వీధి మెకానిక్ చెప్పిందే కరెక్ట్. నేను నా బండికి 90 కి.మీ. దగ్గర బయట ఒకసారి, 500 దగ్గర షోరూమ్‌లో ఇంకోసారి మార్పించాను. 90 దగ్గర తీసిన ఆయిల్‌ని కొంచెం తెల్ల పెయింట్ డబ్బా మూతలో పోసి ఎండలో పెట్టి చూశాను. రంగు ఇంకా తేనెలాగే ఉంది. కానీ మూతని అటూ ఇటూ వంచితే లోపల సన్నటి వెండి పొరలు కదులుతున్నాయి. వేళ్ళ మధ్య రుద్దితే గరుకు తెలియదు, వేలి గీతల్లో మెరుపు మాత్రం మిగులుతుంది. అదంతా ఇంజన్ లోపలి లోహమే కదా. 500 దగ్గర తీసిన ఆయిల్ నల్లబడింది గానీ మెరుపు అందులో పావు వంతు కూడా లేదు. అంటే అరుగుదల ఎక్కువగా మొదటి వంద కిలోమీటర్లలోనే అయిపోతోంది. ఆ పొడిని ఇంకో 400 కిలోమీటర్లు గేర్ల మధ్య, బేరింగుల మధ్య తిప్పడం ఎందుకు? లక్షలు పోసి బండి కొన్నవాళ్ళం, ఒక్కసారి ఆయిల్ ఖర్చుకి వెనకాడకూడదని నా అభిప్రాయం.

తెనాలి షెడ్డు:
నాకు షెడ్డు పెట్టి 31 ఏళ్ళు. ఓరుగల్లు బాబు చూసిన మెరుపు నిజమే, నేను వందల సార్లు చూశాను. అయితే ఆ మెరుపు ఎక్కడిది, ఎంత హాని చేస్తుంది అన్నది వేరే ప్రశ్న.

ఫ్యాక్టరీలో బోరు గోడని, అంటే పిస్టన్ ఆడే సిలిండర్ లోపలి గోడని, అద్దంలా నునుపు చేయరు. కావాలనే సన్నటి అడ్డగీతలు పెడతారు, హోనింగ్ అంటారు. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది. కొత్తలో పిస్టన్ రింగులు ఆ గీతల పై అంచులని అరగదీసుకుంటూ బోరుకి అతుక్కుంటాయి. గేరు పళ్ళు కూడా ఒకదానికొకటి అలవాటు పడతాయి. ఈ అరుగుదల జరగాలి. ఇది జరగకుండా ఉంటేనే ఇంజన్ పాడు.

రాలిన పొడిలో పెద్ద రేణువులని ఫిల్టర్ పట్టేస్తుంది. ఫిల్టర్ దాటి పోయేవి చాలా సన్నటివి. మీరు ఎండలో చూసిన మెరుపు అదే. కంటికి భయంగా కనిపిస్తుంది, 500 దాకా దానివల్ల ఇంజన్ దెబ్బతిన్న బండి మాత్రం ఇన్నేళ్ళలో నా దగ్గరికి రాలేదు. డ్రెయిన్ బోల్ట్ మరలు పోయి వచ్చిన బండ్లు లెక్కలేనన్ని. క్రాంక్ కేసు అల్యూమినియం, బోల్ట్ ఉక్కు. పొడుగు పానా పట్టుకుని బలం చూపిస్తే అల్యూమినియం మరలు బోల్ట్‌తోపాటు ఊడి వచ్చేస్తాయి. అప్పుడు లోపల హెలికాయిల్ (పోయిన మరల చోట పెట్టే తీగ చుట్ట) వేయాలి, కొత్త బండికి అంతకంటే బాధ ఏముంటుంది? పాత వాషర్ తిరిగి వేసి, కారుతోందని మళ్ళీ మళ్ళీ బిగించేవాళ్ళతోనే ఇది ఎక్కువ. ఆ వాషర్ ఒక్కసారి నలిగి అతుక్కోవడానికి చేసింది. బోల్ట్ విప్పిన ప్రతిసారీ కొత్తది వేయాలి.

కాబట్టి గాజువాక బాబూ, 500 దాకా ఆగు. దాటించకు మాత్రం. 450 దగ్గరే స్లాట్ బుక్ చేసుకో.

ఓరుగల్లు 350:
అన్నా, మరల విషయం ఒప్పుకుంటా. అది మెకానిక్ చేతి తప్పు, ముందుగా ఆయిల్ మార్చడం తప్పు కాదు. టార్క్ పానాతో (ఎంత బలంతో బిగించాలో కొలిచే పానా) బిగించేవాడి దగ్గరికి వెళ్తే ఆ భయం ఉండదు. ఇంకోటి, ఫిల్టర్ అన్నీ పడుతుందంటే కంపెనీలు 500కే ఎందుకు మార్చమంటాయి? తర్వాత మార్పులన్నీ వేల కిలోమీటర్లకి కదా. మొదటి ఆయిల్ చెత్త మోస్తోందని వాళ్ళకీ తెలుసు.

తెనాలి షెడ్డు:
తెలుసు కాబట్టే 500 అని పెట్టారు. పొడి ఉండదని నేననలేదు, 500 దాకా దాన్ని మోసే శక్తి ఆయిల్‌కీ ఫిల్టర్‌కీ ఉంది అంటున్నాను. ఒక్క చోట నీ మాటకి బలం ఉంది, చెప్పకపోతే అన్యాయం. స్ప్లెండర్ లాంటి బండ్లలో కాగితం ఫిల్టర్ ఉండదు. కింద జాలీ ఒకటి, క్రాంక్ చివర గిర్రున తిరిగే గిన్నె ఒకటి. బరువైన మురికి ఆ గిన్నె గోడకి పేరుకుంటుంది, సన్నది ఆయిల్‌లోనే తిరుగుతుంది. అలాంటి బండి ఎవరైనా 250, 300 దగ్గర ఒకసారి అదే గ్రేడ్ ఆయిల్ మార్పిస్తానంటే నేను వద్దనను. క్లాసిక్ 350కి కాగితం ఫిల్టర్ ఉంది, దాని సంగతి వేరు.

డాలస్ నుంచి:
నాది హోండా రెబెల్ 500. ఇక్కడ మొదటి సర్వీస్ 600 మైళ్ళకి, అంటే దాదాపు 1000 కి.మీ. అంతవరకూ ఎవరూ ముట్టుకోమని చెప్పలేదు, నేనూ ముట్టుకోలేదు. 600 దగ్గర ఆయిల్, ఫిల్టర్ ఇంటి గరాజ్‌లో నేనే మార్చుకున్నాను. 1975 నాటి మాగ్నసన్–మాస్ వారంటీ చట్టం వల్ల, బయట సర్వీస్ చేయించినంత మాత్రాన ఇక్కడ కంపెనీ వారంటీ కాదనలేదు. రసీదులు, తేదీలు జాగ్రత్తగా పెట్టుకుంటే చాలు. మన దగ్గర అలా కుదురుతుందా?

తెనాలి షెడ్డు:
కుదరదు బాబూ. ఇక్కడ వారంటీ షరతుల్లోనే ఫ్రీ సర్వీసులన్నీ చెప్పిన సమయానికి కంపెనీ వర్క్‌షాప్‌లో చేయించాలని రాసి ఉంటుంది. ఫ్రీ అంటే కూలి వరకే, ఆయిల్‌కీ ఫిల్టర్‌కీ డబ్బు మనదే. మొదటి కూపన్ తప్పితే తర్వాత ఇంజన్‌లో ఏ సమస్య వచ్చినా ముందు అదే చూపిస్తారు. నా షెడ్డుకి వచ్చే కొత్త బండ్ల వాళ్ళని కూడా ఫ్రీ సర్వీసులు అయ్యాకే రమ్మంటాను. నాకు గిరాకీ పోయినా సరే.

గూడూరు రాయుడు:
100కా 500కా అని ఇంత వాదన జరుగుతోంది గానీ, అసలు ఆయిల్ మారుస్తున్నారో లేదో చూస్తున్నారా? నా అనుభవం చెప్తాను. బండి పేరు, సెంటర్ పేరు వద్దు.

మొదటి సర్వీస్‌కి పొద్దున తొమ్మిదింటికి ఇచ్చి, ఆఫీసుకి వెళ్ళి సాయంత్రం ఐదింటికి తీసుకున్నాను. తళతళా కడిగి ఇచ్చారు. బిల్లులో ఆయిల్ ఉంది, ఫిల్టర్ ఉంది, వాషర్ కూడా ఉంది. ఇంటికొచ్చి సెంటర్ స్టాండ్ వేసి, ఇంజన్ చల్లారాక గాజు కిటికీలోంచి ఆయిల్ చూస్తే నల్లగా ఉంది. కొత్త ఆయిల్ ఒక్క పూటలో అంత నల్లబడుతుందా? కింద వంగి చూశాను. డ్రెయిన్ బోల్ట్ తల మీద నేను కొన్న రోజు నుంచి ఉన్న ఎర్రమట్టి పొర అలాగే గట్టిపడి ఉంది. పానా పెట్టిన గుర్తు లేదు. ఫిల్టర్ మూత బోల్టుల మీద ఫ్యాక్టరీ వాళ్ళు పెట్టిన పచ్చ గుర్తు చెదరలేదు.

మర్నాడు ఫోటోలతో వెళ్తే మేనేజర్ ముందు కాదన్నాడు, తర్వాత అబ్బాయి మర్చిపోయాడన్నాడు. నా ఎదురుగానే మార్చారు. తీసిన ఆయిల్ చూస్తే మా గూడూరు గనుల అభ్రకం పొడి కలిపినట్టే ఉంది. అడగకపోయి ఉంటే అదే ఆయిల్‌తో ఇంకెన్ని వేల కిలోమీటర్లు తిరిగేవాడినో! ఇప్పటికీ తలుచుకుంటే కోపం వస్తుంది. కిలోమీటర్ల సంగతి తర్వాత, ముందు దగ్గర నిలబడి చూసుకోండి. నిలబడనివ్వం అంటే జాబ్ కార్డు మీద "తీసిన ఫిల్టర్ వెనక్కి ఇవ్వాలి" అని రాయించండి.

ఓరుగల్లు 350:
రాయుడన్న మాటకి వంద మార్కులు. ఇందులో నాకూ తెనాలి అన్నకీ తేడా లేదు.

కూకట్‌పల్లి హాస్టల్:
నాది స్కూటర్. రెండు నెలల్లో 180 కి.మీ. మాత్రమే తిరిగింది, హాస్టల్ నుంచి మెట్రో స్టేషన్ దాకానే. 500 కాలేదు కదా అని ఆగాను. తప్పా?

తెనాలి షెడ్డు:
తప్పేనమ్మా. "ఏది ముందైతే అది" అన్నది నీలాంటి వాళ్ళ కోసమే. ఒకటి రెండు కిలోమీటర్లకి ఇంజన్ పూర్తిగా వేడెక్కదు. లోపల చేరిన తేమ, కొద్దిగా కలిసిన పెట్రోలు ఆవిరై పోవు, ఆయిల్‌లోనే ఉంటాయి. నీ బుక్‌లో రాసిన రోజులు దాటిపోయాయేమో చూసి ఈ వారమే ఇచ్చెయ్. ఆదివారాలు ఒక్కసారి 20 కిలోమీటర్లు తిప్పు.

గాజువాక రైడర్:
అందరికీ థాంక్స్. సింథటిక్ గురించి ఎవరూ చెప్పలేదు. ఇంకోటి, అన్నవరం వెళ్ళేటప్పుడు హైవే మీద గంటన్నర పాటు 50 మీదే పట్టుకుని వెళ్ళాను, మెల్లగా వెళ్తే మంచిదని.

తెనాలి షెడ్డు:
ముందు హైవే సంగతి. మెల్లగా వెళ్ళడం మంచిదే, ఒకే స్పీడు మీద గంటలు గంటలు వెళ్ళడం మంచిది కాదు. రింగు తనంతట తాను బోరుకి గట్టిగా అతుక్కోదు. మంట ఒత్తిడి రింగు వెనక చేరి దాన్ని గోడకి అదుముతుంది. యాక్సిలరేటర్ ఎప్పుడూ ఒకేలా, ఉందా లేదా అన్నట్టు పెడితే ఆ ఒత్తిడి చాలదు. గీతలు సరిగ్గా అరగకముందే బోరు గాజులా నునుపెక్కి, తర్వాత ఆయిల్ తాగడం మొదలుపెట్టే ప్రమాదం ఉంది. ఒక్క ప్రయాణానికి ఏమీ కాదు, కంగారు పడకు. ఇకనుంచి 35, 55, మళ్ళీ 40, అలా మారుస్తూ పో. గేర్లన్నీ వాడు. టాప్ గేర్‌లో 30 మీద ఘాట్ ఎక్కించి ఇంజన్‌ని దడదడలాడించకు. కొత్త బండిని అతిగా బాదడమే కాదు, అలా ఈడ్పించడమూ చెడ్డదే.

ఇక ఆయిల్. నీ బండికి కంపెనీ చెప్పింది 15డబ్ల్యూ50 (ఇది ఆయిల్ చిక్కదనం గుర్తు) సెమీ సింథటిక్, జాసో ఎంఏ2 (ఇది బైక్ ఆయిల్స్‌కి జపాన్ ప్రమాణం). అదే పోయించు. బావగారిది కారు అయితే ఆయన మాట కారుకి సరిపోతుంది. మన బండిలో ఇంజన్, గేర్లు, క్లచ్ ప్లేట్లు ముగ్గురికీ ఒకటే ఆయిల్. కార్ల కోసం చేసే కొన్ని ఆయిల్స్‌లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు, అవి క్లచ్ ప్లేట్లకి అంటితే జారుతుంది. డబ్బా మీద ఎంఏ గానీ ఎంఏ2 గానీ ఉందో లేదో చూడాలి. స్కూటర్లకి వచ్చే ఎంబీ రకం గేర్ల బండిలో పోయకూడదు.

ఓరుగల్లు 350:
ఇందులో తెనాలి అన్నతో నాకు పేచీ లేదు. 90కి మార్చినప్పుడు నేనూ అదే గ్రేడ్ పోయించాను. కానీ నా తర్వాతి బండికీ 100 లోపే మారుస్తాను. నా మనశ్శాంతి కోసం, నా డబ్బుతో.

తెనాలి షెడ్డు:
మార్చుకో బాబూ, కొత్త వాషర్ వెయ్. కాలిన ఆయిల్‌ని మాత్రం కాలవలో పోయనివ్వకు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో వాడిన ఆయిల్ కూడా ఉంది. నా షెడ్డులో డ్రమ్ములో పట్టి రీసైక్లింగ్ వాళ్ళకి ఇస్తాను.

గాజువాక రైడర్:
ఇవాళ సర్వీస్ అయింది, 486 దగ్గర. మధ్యలో మార్చలేదు. రాయుడన్న చెప్పినట్టు పక్కనే నిలబడతానంటే మొదట గ్లాస్ అవతల కూర్చోమన్నారు. సూపర్‌వైజర్‌ని మర్యాదగా అడిగితే ఒప్పుకున్నారు. ఇంజన్ గోరువెచ్చగా ఉండగానే బోల్ట్ విప్పారు. నలుపు, దాని మీద సన్నటి మెరుపు. ఇంటి నుంచి పాత స్పీకర్ అయస్కాంతం ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి తీసుకెళ్ళాను. ఆయిల్ పట్టిన ట్రేలో తిప్పితే కవర్‌కి కాటుకలాంటి బూడిదరంగు ముద్ద అంటింది, గోరు మీద సగం కూడా లేదు. పలుకులు, ముక్కలు ఏమీ లేవు. కొంత మెరుపు అయస్కాంతానికి అంటకుండా ట్రేలోనే ఉండిపోయింది.

తెనాలి షెడ్డు:
అంటింది గేర్ల ఇనుము, రింగుల పొడి. అంటనిది ఎక్కువగా అల్యూమినియం. ముద్దలా ఉందంటే మంచి గుర్తు. గోరుకి తగిలే పలుకులు ఉంటేనే ఆలోచించాలి. చైన్ చూశారా?

గాజువాక రైడర్:
నేను అడిగాకే చూశారు. బాగా వదులైంది, సరిచేశారు. క్లచ్ కేబుల్, వెనక యాక్సిల్ నట్టు కూడా నా ఎదురుగానే బిగించారు. పాత ఫిల్టర్ కవర్లో పెట్టి ఇచ్చారు. ఇంటికొచ్చి బ్లేడుతో కోసి మడతలు విప్పి చూశాను, అడుగు మడతల్లో నాలుగైదు మెరుపు చుక్కలు ఉన్నాయి. ఓరుగల్లు అన్నా, మీరు చెప్పినవి ఇవేననుకుంటా.

ఓరుగల్లు 350:
అవే తమ్ముడూ.

తెనాలి షెడ్డు:
వాషర్ మార్చారా?

గాజువాక రైడర్:
కొత్తది వేశారు. పాతది నా జేబులోనే ఉంది.