ఫైర్ ఎంబ్లమ్ ఎకోస్‌లో పాత ఎత్తులు పారడం లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

సందేహం (కూకట్‌పల్లి నుంచి)

అన్నలూ, అక్కలూ, కాస్త సాయం చేయండి. ఫైర్ ఎంబ్లమ్ అనే ఎత్తుగడల వీడియో గేమ్ సిరీస్‌లో అవేకెనింగ్, త్రీ హౌసెస్ రెండూ క్లాసిక్ మోడ్‌లో (చచ్చినవాడు తిరిగిరాని మోడ్) పూర్తి చేశాను. ఆ ధైర్యంతో సెకండ్ హ్యాండ్‌లో ఒక త్రీడీఎస్ (చేతిలో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్), దాంతోపాటు అదే సిరీస్‌లోని ఎకోస్ కార్ట్రిడ్జ్ కొన్నాను. రోజూ ఆఫీసుకు వెళ్తూ మెట్రోలో ఆడుతున్నా. మొదటి అంకంలోనే చిక్కుకుపోయాను. నా దళంలోని క్లిఫ్‌ను మెయిజ్ (మంత్రగాడు) చేశాను, వాడు ప్రతి మ్యాప్‌లోనూ చచ్చిపోతున్నాడు. నిన్న అమీర్‌పేట స్టేషన్ రాకముందే రెండుసార్లు పోయాడు. శత్రువుల ఆర్చర్ (విలుకాడు) పక్కకు వెళ్లి కొడితే వాడు తిరిగి కొడుతున్నాడు. గొడ్డలివాడి మీదకు కత్తివాణ్ణి పంపినా లాభం కనిపించడం లేదు. ఒక్కొక్కరికి ఒకటే వస్తువు ఇవ్వనిస్తోంది. సెట్టింగ్స్‌లో ఏమైనా మార్చాలా? లేక కార్ట్రిడ్జ్‌లో లోపమా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (తార్నాక నుంచి)

తమ్ముడూ, కార్ట్రిడ్జ్ బాగానే ఉంది. నువ్వు చెప్పినవన్నీ ఆ ఆట సహజ గుణాలే. ఎకోస్ 2017లో వచ్చింది కానీ, దాని మూలం 1992లో జపాన్‌లో మాత్రమే విడుదలైన ఫైర్ ఎంబ్లమ్ గైడెన్. సిరీస్‌లో అది రెండో ఆట. కత్తి గొడ్డలిని, గొడ్డలి ఈటెను, ఈటె కత్తిని గెలిచే త్రికోణం సిరీస్‌లోకి వచ్చింది 1996లో. అంటే గైడెన్ తర్వాత నాలుగేళ్లకు. రీమేక్ చేసినవాళ్లు బొమ్మలు, గొంతులు, కథ అన్నీ కొత్తగా చేశారు గానీ ఈ త్రికోణాన్ని తెచ్చి అతికించలేదు. నాకు ఆ నిర్ణయం చాలా నచ్చింది. కాబట్టి కత్తివాణ్ణి గొడ్డలివాడి కోసం దాచిపెట్టకు. ఎవరి డిఫెన్స్ ఎంత, ఎవరి వేగం ఎంత, ఎవరు ఏ నేల మీద నిలబడ్డారు, ఇవే చూడు. అడవిలోనో సమాధుల మధ్యనో నిలబడ్డ దొంగను కొట్టడం ఇక్కడ చాలా కష్టం. వాణ్ణి బయటికి రప్పించి కొట్టాలి.

ఇక క్లిఫ్ సంగతి. అవేకెనింగ్ లాంటి ఆటల్లో మంత్రానికి పుస్తకం ఉంటుంది, వాడేకొద్దీ అరుగుతుంది. ఇక్కడ పుస్తకం లేదు. మంత్రానికి ఖర్చయ్యేది మంత్రగాడి హెచ్‌పీయే (ప్రాణశక్తి అంకె). ఫైర్ అనే మంత్రం వేస్తే ఒకటి పోతుంది, పెద్ద మంత్రాలకు ఇంకా ఎక్కువ. ఉదాహరణకు నీ క్లిఫ్ హెచ్‌పీ 18 అనుకో. నాలుగుసార్లు ఫైర్ వేశాడంటే ఎవరూ ముట్టుకోకుండానే 14కి దిగిపోయాడు. ఆ సమయంలో ఈటెవాడు రెండుసార్లు పొడిస్తే ఇంకేముంది? వైద్యం చేసే సిల్క్‌కూ అంతే, హీల్ చేస్తే ఆమె హెచ్‌పీ తగ్గుతుంది. అయితే ఆమె దగ్గర నోస్ఫెరాటు అనే మంత్రం ఉంది. అది తగిలితే శత్రువు నుంచి లాగిన దాంట్లో కొంత ఆమెకే వస్తుంది. గురి కాస్త తక్కువ, కానీ ఓపిగ్గా వాడితే ఆమెను నిలబెడుతుంది.

ఒకటే వస్తువు అన్నావు కదా, ఈ ఆట అసలు రుచి అక్కడే ఉంది. అవేకెనింగ్‌లో అయిదు పట్టేవి, ఆయుధాలు విరిగేవి, అందుకే మనం మంచి కత్తిని దాచుకునేవాళ్లం. ఇక్కడ ఆయుధం అరగదు, విరగదు. పైగా కత్తివాడికి కత్తి ఇవ్వకపోయినా వాడి దగ్గర మామూలు కత్తి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. అందుకే ఆ ఒక్క చోటులో ఏం పెట్టాలన్నది ప్రతి పోరుకూ ఆలోచించుకోవాలి. లూకాస్‌కు డాలు ఇచ్చి చూడు, ఈటెతో పొడుస్తూనే గోడలా నిలబడతాడు. క్లిఫ్‌కు రొట్టె ఇవ్వు. మెయిజ్‌కు ఆయుధం అక్కర్లేదు కాబట్టి ఆ చోటు ఖాళీగా వదలడం వృథా. పోరు మధ్యలో తింటే మంత్రాలకు పోయిన హెచ్‌పీ తిరిగొస్తుంది. మంచి ఆయుధం దొరికితే మాత్రం ఒకరి చేతిలోనే ఉంచి పదేపదే వాడించు. అలా వాడితేనే దాని ప్రత్యేక విద్యలు వస్తాయి. ఆ విద్యలకు కూడా హెచ్‌పీ ఖర్చే, గుర్తుపెట్టుకో.

జవాబు (సికింద్రాబాద్ నుంచి)

ఆర్చర్ల గురించి నేను చెప్తాను. పక్కన నిలబడితే ఆర్చర్ చేతులు కట్టుకుని ఉంటాడన్న లెక్క ఇక్కడ చెల్లదు. పక్కవాణ్ణీ కొడతాడు, రెండు గడుల అవతలికీ కొడతాడు. తర్వాత వచ్చే బో నైట్ (గుర్రం మీది విలుకాడు) అయితే అయిదు గడులదాకా వేస్తాడు. ఇది శత్రువుకే కాదు, నీకూ లాభమే. టోబిన్‌ను ఆర్చర్ చేసి రెండో వరుసలో పెట్టు, అవసరమైతే ముందుకు కూడా రానివ్వు.

ఇంకో మాట, ప్రమోషన్ (పై క్లాస్‌కు, అంటే పై పోరు వృత్తికి మారడం) కోసం లెవెల్ ఇరవైదాకా ఆగే అలవాటు మానుకో. ఇక్కడ మారగానే కొత్త క్లాస్‌కు ఉండాల్సిన కనీస అంకెలదాకా నీవాడి అంకెలు పైకి లేస్తాయి. ఊరివాళ్లు (విలేజర్ క్లాస్‌వాళ్లు) లెవెల్ మూడుకు రాగానే క్లాస్ మార్చడానికి మీలా అనే దేవత విగ్రహం దగ్గరికి తీసుకెళ్లు.

మళ్లీ కూకట్‌పల్లి నుంచి

అన్నా, చాలా థ్యాంక్స్. నిన్న రాత్రి కూర్చుని దొంగల గుడి మళ్లీ మొదటి నుంచి ఆడాను. లూకాస్‌కు తోలు డాలు, క్లిఫ్‌కు రొట్టె. సందులో లూకాస్ ఒక్కణ్ణే నిలబెట్టి వెనక నుంచి టోబిన్‌తో బాణాలు వేయించాను. ఎవరూ చావలేదు! క్లిఫ్ చివరి దెబ్బ కొట్టినప్పుడు వాడికి మిగిలింది ఆరు హెచ్‌పీ. ఇంకో సందేహం: గుడి లోపల తిరుగుతుంటే నా వాళ్లు అలసిపోయారని చూపిస్తోంది. అదేంటి? మీలా చక్రంతో అడుగులు వెనక్కి తిప్పడం మోసం కిందికి వస్తుందా?

జవాబు (తార్నాక నుంచి)

శభాష్! అలసట గుళ్లు, గుహల్లో ఎక్కువసేపు పోరాడితే వస్తుంది. వచ్చాక హెచ్‌పీ పరిమితి తగ్గిపోతుంది, మంత్రగాళ్లకు అది రెట్టింపు దెబ్బ. తిండి పెట్టు, లేదా మీలా విగ్రహానికి నైవేద్యం సమర్పించు, పోతుంది. లోపల శత్రువు తారసపడితే వాడు నిన్ను తాకేలోపు నువ్వే ముందు కత్తితో కొట్టు, వాళ్లు తగ్గిన హెచ్‌పీతో పోరుకు వస్తారు.

చక్రం మోసం కానే కాదు. పాత గైడెన్‌లో లేదు, ఈ రీమేక్‌కు కొత్తగా చేర్చారు. నువ్వు త్రీ హౌసెస్‌లో వాడిన డివైన్ పల్స్‌కు దారి వేసింది ఇదే. మ్యాప్‌కు ఇన్నిసార్లే అని లెక్క ఉంటుంది, దారిలో దొరికే పళ్లచక్రాలు ఏరుకుంటే ఆ లెక్క పెరుగుతుంది. రెండో అంకంలో సెలికా అనే మరో నాయిక దళం వస్తుంది, అందులో మంత్రగాళ్లు ఎక్కువ. ఆ దళంలోని మే, బోయీ ఇద్దరికీ రొట్టెలు ఇప్పటి నుంచే దాచిపెట్టాలని చూడకు, నువ్విప్పుడు నడిపే అల్మ్ సంచీ వేరు, సెలికా సంచీ వేరు. అక్కడ దొరికింది అక్కడే వాడు.