అప్‌డేట్: ప్రకృతిలో ప్రయోజనం ఉందంటే, దానిని సంకల్పించిన కర్త ఉండాలా?

ప్రకృతిసిద్ధమైనవన్నీ తమ తమ పరమప్రయోజనం వైపు సాగుతాయని ప్రాచీన గ్రీకు తత్వవేత్త అరిస్టాటిల్ అన్నప్పుడు, దానిని ముందుగా సంకల్పించిన కర్త ఒకరు ఉండాలా అని ఇక్కడ అడిగాను. మీరు సూచించినట్లే ప్రకృతి గురించి ఆయన రాసిన 'ఫిజిక్స్' 2వ పుస్తకం, 8వ అధ్యాయం నిదానంగా చదివాను. అటువంటి కర్త అవసరం లేదన్నదే ఆయన పక్షమని ఇప్పుడు నమ్ముతున్నాను.

ముందుపళ్లు కొరకడానికి పదునుగా, దవడపళ్లు నమలడానికి వెడల్పుగా రావడం యాదృచ్ఛికమేననీ, అలా అమరినవి బతికి అమరనివి నశించాయనీ చెప్పే, తనకు ముందరి గ్రీకు తత్వవేత్త ఎంపెడోక్లిస్ తరహా వాదాన్ని అరిస్టాటిలే ముందుంచి, ఎల్లప్పుడూ లేదా చాలామటుకు ఒకేలా జరిగేది యాదృచ్ఛికం కాజాలదని బదులిస్తాడు. డార్విన్‌కు రెండు వేల ఏళ్లకు పైగా ముందే ఈ ప్రశ్న ఇంత స్పష్టంగా ఉండటం నన్ను విస్మయపరిచింది. సాలెపురుగు యోచించి గూడు అల్లదు; నైపుణ్యం సైతం తర్జనభర్జన పడదు; ఓడ నిర్మాణ విద్య కలపలోనే ఉండి ఉంటే, ఓడ ప్రకృతిసిద్ధంగానే తయారయ్యేదని ఆయన అంటాడు. ఆయన గురువు ప్లేటో 'తిమాయస్' అనే సంభాషణలో విశ్వాన్ని తీర్చిదిద్దే శిల్పికి ఈ వాదంలో చోటు లేదు.

అయితే అరిస్టాటిల్ నీతిశాస్త్ర గ్రంథం 'నికోమాకియన్ ఎథిక్స్' 1వ పుస్తకంలో, కంటికీ చేతికీ ఒక పని ఉన్నట్లే మనిషికీ తనదైన ఒక సహజమైన పని ఉండాలన్న వాదంలోని మెట్టు మాత్రం నాకు బలహీనంగానే తోస్తోంది. దానిని సమర్థించేవారు ఎలా సమర్థిస్తారో దయచేసి వివరంగా రాయగలరు.