ఈఎస్పీ32 పాటల డబ్బా: యూఎస్‌బీ మీద పాడుతుంది, బ్యాటరీ మీద రీసెట్ అవుతుంది

ప్రశ్న (కావలి)
పాటల డబ్బా చేశా: ఈఎస్పీ32 బోర్డు (ప్రోగ్రామ్ నడిపే చిప్ ఉన్నది), పీసీఎం5102ఏ డాక్ (డిజిటల్ పాటని సౌండు సిగ్నల్‌గా మార్చేది), పాటల కార్డుకి మైక్రో ఎస్డీ మాడ్యూల్, ఒక 18650 సెల్లు (గుండ్రటి లిథియం బ్యాటరీ), టీపీ4056 ఛార్జర్. కేబుల్ ఉంటే ఎంతసేపైనా పాడుతుంది. సెల్లుని బోర్డు 5 వోల్టుల పిన్నుకి ఇస్తే ఫుల్ ఛార్జింగ్‌లో బానే ఉంటుంది, కొంచెం దిగంగానే రీసెట్ మీద రీసెట్. ఒక్కోసారి కార్డే కనపడదు. హెడ్‌ఫోన్‌లో సౌండు కూడా చీదరగా ఉంది. కోడ్‌లో తప్పుందా అన్నా?

జవాబు (ఒంగోలు)
కోడ్ జోలికి పోబాక తమ్ముడూ. బోర్డు మీది రెగ్యులేటర్ (వోల్టేజిని 3.3కి దించి నిలిపేది) చూడు, ఏఎమ్ఎస్1117 అయ్యుంటుంది. దానికి లోపలికి వచ్చేదానికీ బయటికి పోయేదానికీ 1.1 వోల్టుల దాకా తేడా కావాల. సెల్లు 3.7కి దిగితే చిప్‌కి అందేది 2.6. దానికి కావలసింది కనీసం 3.0. కార్డు చదివేటప్పుడు కరెంటు ఒక్కసారిగా లాగుతుంది, ఆడనే రీసెట్.

ఎస్డీ మాడ్యూల్ మీద కూడా అదే రెగ్యులేటర్ ఉందేమో చూసుకో. ఉంటే 3.3 ఇచ్చినా కార్డుకి మిగిలేది 2.2 అటూ ఇటూ. రెగ్యులేటర్ లేని మాడ్యూల్ తీసుకో.

సెల్లుకీ బోర్డుకీ మధ్య ఏపీ2112కే-3.3 (తక్కువ తేడాతోనే పనిచేసే రెగ్యులేటర్) వేసి, బయటికొచ్చే 3.3ని నేరుగా బోర్డు 3వీ3 పిన్నుకి ఇవ్వు. కార్డు పక్కనే 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టు. ప్రోగ్రామ్ ఎక్కించేటప్పుడు సెల్లు తీసెయ్, రెండు రెగ్యులేటర్లు కొట్టుకుంటాయి.

జవాబు (నెల్లూరు)
అంత దేనికి, 5 వోల్టుల బూస్ట్ మాడ్యూల్ పెడితే పోలా?

జవాబు (ఒంగోలు)
పనిచేస్తుంది. కాకపోతే 3.7ని 5కి ఎత్తి, మళ్లీ 3.3కి దించి, మధ్యలో మూడో వంతు పైనే వేడిగా పోగొట్టడం. దాని స్విచింగ్ గోల డాక్‌లోకి వచ్చి, పాట ఆగినప్పుడు సన్నగా కూత వినపడుతుంది.

జవాబు (గూడూరు)
సౌండు సంగతి: పీసీఎం5102ఏ ఇచ్చేది లైన్ ఔట్‌పుట్, అంటే యాంప్‌కి ఇచ్చే సిగ్నల్. 1 కిలో ఓమ్ కన్నా తక్కువ లోడు దానికి పడదు, 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ దాన్ని పిండేస్తుంది. మధ్యలో టీపీఏ6132 లాంటి హెడ్‌ఫోన్ యాంప్ పెట్టాల. చవగ్గా దొరుకుతుందని పీఏఎమ్8403 స్పీకర్ యాంప్ పెట్టబాకండి. దాని రెండు ఛానెళ్ల మైనస్‌లూ గ్రౌండ్ కాదు, హెడ్‌ఫోన్ జాక్‌లో కలిస్తే చిప్ పోవచ్చు.

డాక్ ఎస్సీకే పిన్నుని (క్లాక్ పిన్ను) గ్రౌండ్‌కి కలిపావా? గాల్లో వదిలేస్తే గరగర. ఎక్స్ఎస్ఎమ్‌టీ (మ్యూట్ పిన్ను) 3.3 వైపుకి లాగి ఉండాల, లేకపోతే అసలు మ్యూట్.

ప్రశ్న అడిగినవారు
ఎస్సీకే గాల్లోనే ఉందన్నా. 18650 బదులు 500 ఎమ్ఏహెచ్ పలక సెల్లు పెట్టొచ్చా?

జవాబు (ఒంగోలు)
పెట్టొచ్చు. ముందు టీపీ4056 మీద ఛార్జింగ్ కరెంటుని నిర్ణయించే 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ తీసి 5 కిలో ఓమ్ వెయ్. ఇప్పుడది 1 ఆంపియర్ తోస్తుంది, అంత చిన్న సెల్లుకి అది ఎక్కువ; 5 కిలో ఓమ్ అయితే 250 మిల్లీ ఆంపియర్లు. రోహిణి కార్తెలో ఎండన పెట్టిన బండి డిక్కీలో మాత్రం ఛార్జింగ్ పెట్టబాక.