‘ఐ వాజ్ సాట్’ అని రాస్తే మార్కు కొయ్యాలా?

గుంటూరు మాస్టారు: తొమ్మిదో తరగతి కుర్రాడు ‘ఐ వాజ్ సాట్ నియర్ ద విండో’ అని రాశాడు. కొట్టేసి ‘సిటింగ్’ అని దిద్దాను. వాళ్లక్క ఇంగ్లండ్‌లో ఉంటుందట, అక్కడ అందరూ ఇలాగే అంటారని ఫోన్ చేసి మరీ చెప్పింది. ఏం చెయ్యమంటారు?

లీడ్స్ తెలుగోడు: ఆ అమ్మాయి చెప్పింది నిజమే మాస్టారూ. ఉత్తర ఇంగ్లండ్‌లో ‘ఐ వాజ్ సాట్’, ‘షి వాజ్ స్టుడ్’ రోజూ వింటాను. మా మేనేజర్ నోట్లోనూ అదే. కానీ ఆవిడే క్లయింటుకి మెయిల్ రాస్తే ‘సిటింగ్’ అనే రాస్తుంది.

వ్యాకరణం పిచ్చి: మన కుర్రాడికి లీడ్స్ యాస ఒంటబట్టిందంటే నేను నమ్మను. తెలుగులో ‘కూర్చున్నాడు’ ఒక్కటే మాట. ఇప్పుడే కూలబడినా అదే, గంట నుంచి కదలకపోయినా అదే. ‘నాన్నేడీ?’ ‘అరుగు మీద కూర్చున్నాడు.’ ఇది ‘హి సాట్’ కాదు, ‘హి ఈజ్ సిటింగ్’. పిల్లలు తడబడేది ఇక్కడే. పిల్లలు సిట్‌తో కలిపేసే ఇంకో మాట సెట్, దాని దగ్గర మాత్రం తెలుగే ఆదుకుంటుంది. తనంతట తాను కూర్చుంటే సిట్, గ్లాసు బల్ల మీద పెడితే సెట్, అతిథిని కూర్చోబెడితే సీట్. అసలు పాత ఇంగ్లిష్‌లో సెట్ అంటే కూర్చోబెట్టడమే, సిట్‌కి ప్రేరణార్థకం, అంటే ఇంకొకరిచేత చేయించే రూపం.

కోళ్లఫారం: అంత తేలిగ్గా తేలదండీ. పొదిగే కోడిని ‘సిటింగ్ హెన్’ అంటారు, ‘సెటింగ్ హెన్’ అనీ అంటారు. సూర్యుడు ‘సెట్’ అవుతాడు కదా, ఆయన్ని ఎవరు పెట్టారు? ‘సిట్ ద బేబీ ఆన్ ద మ్యాట్’ అన్నా తప్పు కాదు.

వ్యాకరణం పిచ్చి: సూర్యుడి దగ్గర ఓడిపోయాను. పాపాయినీ ఒప్పుకుంటా. కోడి పరీక్షలో రాదులెండి.

లీడ్స్ తెలుగోడు: ‘ఐ వాజ్ సీటెడ్’ అని రాసుంటే గొడవే లేదు. కాస్త బిగుసుకున్నట్టుంటుంది గానీ, ఎవరూ తప్పు పట్టరు.

కోళ్లఫారం: లక్షలమంది పుట్టుకతో మాట్లాడే మాటని గుంటూరులో తప్పనడం ఏం న్యాయం?

గుంటూరు మాస్టారు: మాట్లాడితే నేనూ ఊరుకుంటాను సార్. ఇది పరీక్ష పేపరు. అరమార్కు కోశాను, పక్కన ‘మాటల్లో చెల్లుతుంది’ అని రాశాను. వాడేమో ఇంకోటి పట్టుకొచ్చాడు: ఎగ్జామ్ ‘రైట్’ చెయ్యాలా, ఎగ్జామ్‌కి ‘సిట్’ అవ్వాలా అని.

లీడ్స్ తెలుగోడు: ఇక్కడ ‘సిట్ యాన్ ఎగ్జామ్’, మధ్యలో ‘ఫర్’ కూడా ఉండదు. అమెరికాలో మా వదిన ‘టేక్’ అంటుంది. వాడికి మాత్రం చెప్పకండి మాస్టారూ, రేపు వాళ్లక్క మళ్లీ ఫోన్ చేస్తుంది.