ఒక్కపొద్దులో ‘పొద్దు’ ఏ పొద్దు?

ప్రశ్న (చిత్తూరు)
పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చే నెల) శనివారాల ఒక్కపొద్దులు దగ్గర పడుతున్నాయి కాబట్టి అడుగుతున్నా. ఒక్కపొద్దు అంటే రోజుకు ఒక్కసారే అన్నం తినడమని అందరికీ తెలుసు. ఆ మాటలో పొద్దు అంటే మాత్రం ఏంటి? సూర్యుడా, పగలా, పూటా? రోజుకు ఉండేదే ఒక పొద్దు కదా, మళ్ళీ ‘ఒక్క’ ఎందుకు? కొందరు ఒంటిపొద్దు అని రాస్తున్నారు, అదీ సరైనదేనా?

తిరుపతి
మీరు చెప్పిన మూడూ ఉన్నాయి, ఇంకోటి కూడా ఉంది. ‘పొద్దు పొడిచింది’, ‘పొద్దు వాలింది’ అన్నప్పుడు సూర్యుడు. ‘పొద్దంతా ఎండలోనే’ అన్నప్పుడు పగలు. ‘ఈపొద్దు రాడు, రేపొస్తాడు’ అన్నప్పుడు రోజు. ‘మూడు పొద్దులా తిండి’ అన్నప్పుడు పూట. ఒక్కపొద్దులో ఉన్నది ఈ చివరిది. మూడు పొద్దులు తినేచోట ఒక పొద్దే తినడం, అందుకే ‘ఒక్క’.

పాత రూపం ప్రొద్దు. తమిళంలో పొళుదు, కన్నడంలో హొత్తు దీని చుట్టాలే. అంతకన్నా గట్టి సాక్ష్యం ఏమిటంటే, తమిళంలో ఒరుపొళుదు, కన్నడంలో ఒప్పొత్తు అన్నా ఈ ఒకపూట భోజనమే. చిత్తూరు చుట్టుపక్కల ఈ మూడు మాటలూ ఒకే సంతలో వినిపిస్తాయి. అంతమాత్రాన తమిళం నుంచి మనకొచ్చిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మూడూ ఎవరి ‘ఒకటి’తో, ఎవరి ‘పొద్దు’తో వాళ్ళు కట్టుకున్న మాటలు.

పలమనేరు
బాగుంది గానీ ఒక చిక్కుంది సార్. రంజాన్ ఉపవాసాల్ని కూడా పల్లెల్లో తెలుగులో ఒక్కపొద్దులనే అంటారు. అక్కడ తెల్లారకముందు సహర్, పొద్దుగూకినాక ఇఫ్తార్. అంటే తినేది రెండుసార్లు. సూర్యుడు ఉన్నంతసేపూ మంచినీళ్ళు కూడా ముట్టరు. మీ ‘ఒక పూట’ లెక్క అక్కడ కుదరదు. నాకైతే పొద్దు అంటే పగలే అనిపిస్తుంది. ఒక పగలంతా పస్తుండడం ఒక్కపొద్దు.

తిరుపతి
మీరు చెప్పిన వాడుక నిజమే, దాన్నిబట్టి తేల్చిన అర్థమే కుదరదు. పొద్దు అంటే పగలైతే, పగటిపూటే అన్నం తినే శనివారపు ఒక్కపొద్దు ఏమైపోవాలి? జరిగింది వేరే. మొదట భోజనం లెక్కగా పుట్టిన మాట, తర్వాత ఉపవాస నియమం మొత్తానికీ పేరైంది. కార్తీక సోమవారం చుక్క కనిపించేదాకా ఏమీ తినకుండా ఉండి రాత్రికి తినేవాళ్ళదీ ఒక్కపొద్దే కదా. సంస్కృతంలో వీటికి వేరువేరు పేర్లున్నాయి. పగలు సగం దాటాక ఒకసారి తినడం ఏకభుక్తం, రాత్రి మాత్రమే తినడం నక్తం. తెలుగువాడు రెంటికీ, రంజాన్ ఉపవాసమైన రోజాకూ కలిపి ఒకటే మాట వాడుకున్నాడు. ‘ఒక్కపొద్దు ఉన్నారా?’ అని అడిగితే ఎదుటివాళ్ళు ఎప్పుడు తింటారన్నది వాళ్ళ ఆచారాన్ని బట్టి మనమే అర్థం చేసుకోవాలి.

శ్రీకాళహస్తి
‘పగలు సగం దాటాక’ అన్నారు కాబట్టి ఒక మాట. గడియారంలో 12 కొట్టగానే నడిపొద్దు అయిపోయిందనుకోవడం పొరపాటు. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద నడుస్తుంది, తిరుపతి ఉన్నది సుమారు 79.4 దగ్గర. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున ఇక్కడ నడిపొద్దు 12 నిమిషాలు ఆలస్యం. దానికి తోడు ఏడాది పొడవునా ఆ లెక్క కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. ఫిబ్రవరి నడిమధ్యలో 12.26 దాకా పోతుంది, నవంబరు మొదట్లో 11.56కే వచ్చేస్తుంది. పెరటాసి నెలలో మాత్రం 12.07 నుంచి 11.58 మధ్యలో ఉంటుంది గనక గడియారం చూసుకున్నా పెద్ద తేడా రాదు.

కంటితో చూడాలంటే చదునైన నేల మీద నిలువుగా ఒక కర్ర నాటాలి. నీడ పొట్టిగా అయ్యేదాకా కాచుకుని చూడడం తెలివితక్కువ పని. నడిపొద్దుకు అటూ ఇటూ పావుగంట సేపు నీడ పొడవు మారినట్టే ఉండదు. పదిన్నర ప్రాంతంలో నీడ కొనదాకా దారం పట్టి, కర్ర చుట్టూ వలయం గీయండి. మధ్యాహ్నం నీడ మళ్ళీ సాగి ఆ వలయాన్ని ఎప్పుడు తాకుతుందో చూడండి. ఆ రెండు వేళలకూ సరిగ్గా నడుమ ఉన్నదే నడిపొద్దు. కర్ర పక్కకు ఒరిగితే లెక్కంతా పోతుంది, రాయి కట్టిన దారం వేలాడదీసి సరిచూసుకోవాలి. ఏప్రిల్ ఆఖరి వారంలోనూ ఆగస్టు మధ్యలోనూ మాత్రం ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వస్తాడు, అప్పుడు నీడ కర్ర మొదట్లోకే వచ్చేస్తుంది.

పుత్తూరు
కర్రలూ దారాలూ సరే అన్నా, అసలు శనివారాలు లెక్కపెట్టడంలోనే చాలామంది తప్పుతున్నారు. పెరటాసి సౌరమాసం, సూర్యుడు కన్యలో ఉన్నన్నాళ్ళు. సెప్టెంబరు 17 ప్రాంతంలో మొదలై అక్టోబరు 17 ప్రాంతంలో అయిపోతుంది. తెలుగు క్యాలెండరు చాంద్రమానం గనక అందులో ఇది భాద్రపదం, ఆశ్వయుజం రెండింటి మీదా పడుతుంది. ఆశ్వయుజ శనివారాలు పట్టుకుంటే మొదటివి చేజారతాయి. కన్యా సంక్రమణం నుంచి తులా సంక్రమణం దాకా చూసుకోండి, నాలుగో ఐదో వస్తాయి.

ఇంకోటి. మన వైపు ఒక్కపొద్దును ‘విడుస్తారు’, ముగించరు. తళిగ (దేవుడి ముందు పెట్టే నైవేద్యం) వేసి, పిండి దీపం వెలిగించి, గోవింద కొట్టాక విడుస్తారు. కొన్ని ఇళ్ళల్లో దీపం కొండెక్కేదాకా ఆగుతారు. అంటే ఆ పూట గడియారం ఆ దీపమే. పొడిపిండితో చేస్తే ప్రమిద పగిలి నెయ్యి కారిపోతుంది. బియ్యం నానబెట్టి ఆరబోసి, ఇంకా చెమ్మ ఉండగానే దంచిన పిండి కావాలి. బెల్లం ఎక్కువైతే వేడికి కరిగి ప్రమిద ఒక పక్కకు కుంగుతుంది.

చిత్తూరు
ధన్యవాదాలు, నా ప్రశ్నకు జవాబు దొరికింది. అనుకోకుండా ఇంకో అనుమానం పుట్టింది. ‘పొద్దుపోయింది’కి వ్యతిరేకం ‘పొద్దుపోలేదు’ కావాలి కదా. ఎందుకు కాదు?

పీలేరు
భలే పట్టారు అక్కా. ‘పొద్దుపోయింది’ అంటే ఆలస్యమైంది. ‘పొద్దుపోలేదు’ అంటే ఆలస్యం కాలేదని కాదు, ఏం తోచలేదని. ‘పొద్దుపోయి వచ్చాడు’ అంటే చీకటి పడ్డాక వచ్చాడు, ‘పొద్దుపోక వచ్చాడు’ అంటే ఊసుపోక వచ్చాడు. ఒకే క్రియ, అవునంటే ఒక దారి, కాదంటే ఇంకో దారి. మొదటిదాంట్లో పొద్దు తనంతట తాను పోతుంది, మనం వెనకబడతాం. రెండోదాంట్లో దాన్ని మనం పోనివ్వాలి, అది కదలదు. ఆలస్యం కాలేదని చెప్పాలంటే ‘ఇంకా పొద్దుంది’ అనాలి.

‘పొద్దుగూకులూ’, ‘పొద్దస్తమానం’ కూడా చూడండి. రెండింట్లోనూ సూర్యుడు మునగడమే ఉంది, కానీ రాత్రి పదింటికి ‘పొద్దుగూకులూ ఆ ఫోనేనా’ అని తిట్టినా ఎవరికీ తప్పనిపించదు. మెచ్చుకోవడానికి ‘పొద్దుగూకులూ’ వాడగా నేను వినలేదు, అది తిట్టుకే.

తిరుపతి
పొద్దుపుచ్చడం అన్నా కాలక్షేపం అన్నా మామూలుగా ఒకటే, ఊరికే గడపడం. కానీ ఇక్కడి వైష్ణవుల ఇళ్ళల్లో ‘కాలక్షేపానికి వెళ్ళారు’ అంటే కబుర్లకు కాదు, గురువు దగ్గర గ్రంథం వినడానికి. పొద్దుపుచ్చడానికి ఆ గౌరవం ఎప్పుడూ దక్కలేదు, అదేంటో.

ఇక మొదట అడిగిన ఒంటిపొద్దు సంగతి. అదీ తప్పు కాదు. ఒంటి, ఒక్క రెండూ ‘ఒకటి’కి చుట్టాలే. మన వైపు నోట్లో ఆడేది ఒక్కపొద్దు. ‘ఒంటిపూట బడి’లో మాత్రం పూటను తీసి పొద్దు పెట్టలేం. రాసేటప్పుడు ‘ఒక్క’నూ ‘పొద్దు’నూ కలిపి ఒకే మాటగా రాయండి. ‘ఒక్క పొద్దు’ అని విడదీస్తే ‘ఒక్క పొద్దులో కోత అయిపోయింది’ లాంటి వాక్యం అవుతుంది. అక్కడ ఉపవాసం లేదు, ఒక రోజు పని ఉంది.